అరువు ముక్కు

పోయినవారం మనం ఆమెను ఆసుపత్రి వరండాలో, తడిసిన గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండగా వదిలేసి వచ్చాం. లోపల వార్డులో ఆమె మొగుడు, కాగితం రీళ్ల గోడౌన్లో ఫోర్క్‌లిఫ్టు నడిపే డ్రైవరు, రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లతో పడుకుని ఉన్నాడు. అతని బండికి పెట్టిన ప్రొపేన్ సిలిండర్ లీకైంది. ఆ గ్యాసు లారీలు ఆనుకునే ర్యాంపు కింది గోతిలో పేరుకుని భగ్గుమంది. "సిలిండర్ నేనే పెట్టుకున్నాను, హడావుడిలో సరిగ్గా బిగించలేదు" అని అతను మేనేజరుకు చెప్పేశాడు. ఆ ఒక్క మాటతో తప్పంతా అతని నెత్తిన పడింది, ఆసుపత్రి ఖర్చు కంపెనీ నెత్తి మీంచి దిగిపోయింది. ఆమెకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. ఎందుకంటే ఆ గోడౌన్లో సిలిండర్లు మార్చేది డ్రైవర్లు కాదు, ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి ఆమె కన్నతండ్రి.

"మరెందుకలా చెప్పావు?" అని ఆమె అడిగితే డ్రైవరు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఇంకోసారి అడగొద్దన్నాడు. అక్కడ ఆగాం.

ఇప్పుడు ఆ వార్డు వాసన గురించి చెప్పాలి. చెప్పక తప్పదు, కాస్త ఓర్చుకోండి. కాలిన చర్మం, చీము, మందులు, ఫినాయిలు అన్నీ కలిసి గుమ్మం దగ్గరే మనిషిని పట్టుకుని వెనక్కి తోసేవి. కట్లు విప్పే వేళకు పక్క మంచాల తాలూకు బంధువులు ఒక్కొక్కరే లేచి వరండాలోకి జారుకునేవారు. నర్సులు మాస్కు మీద మాస్కు కట్టుకునేవారు. కట్టుకున్న మొగుడే అయినా ఆ కంపు ఆమెకూ పడేది కాదు. ఆయన చూడకుండా తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పెట్టుకున్నందుకు తనను తానే తిట్టుకునేది.

తండ్రి ఒక్కడే కదిలేవాడు కాదు. గోడౌన్లో అందరూ ఆయన్ని గ్యాసు తాత అంటారు. నెరిసిన మీసం, వంగని నడుము, ఎప్పుడూ జేబులో తోలు గ్లౌజులు. డ్యూటీ దిగి నేరుగా వచ్చి, స్టూలు లాక్కుని, విప్పిన చేతులకు జానెడు దూరంలో కూర్చునేవాడు. అరటిపండు ఒలిచి ఒక ముక్క అల్లుడి నోట్లో పెట్టేవాడు, ఒక ముక్క తను తినేవాడు. ఆ కంపులో, ఆ చేతుల పక్కన, నిమ్మళంగా నమిలేవాడు. పక్క మంచం ముసలామె అది చూసి, మీ నాన్న మనిషి కాదమ్మా దేవుడు అంది. ఆమెకు కళ్లు చెమర్చాయి. నిజమే కాబోలు, ప్రేమంటే ఇదే కాబోలు అనుకుంది. డ్రైవరు మాత్రం మామగారిని అదోలా చూస్తూ ఉండేవాడు. అది కృతజ్ఞతో కోపమో ఆమెకు అంతుపట్టలేదు.

ఆ సాయంత్రం నర్సు కసిరితే స్నానం చేసి రావడానికి ఇంటికి బయల్దేరింది. ఇల్లంటే గోడౌన్ వెనక గోడకు ఆనుకుని కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టరు. తండ్రి ఉద్యోగం ఉన్నంతకాలం అది తమది, లేకపోతే మరొకరిది. తండ్రి, తను, మొగుడు ముగ్గురూ ఆ రేకుల కప్పు కిందే ఉంటారు.

తలుపు తీసీ తీయగానే గుప్పున కంపు కొట్టింది. ఎలక చచ్చిందేమో అనుకుంటూ లోపలికి అడుగు పెట్టింది. తండ్రి వంటింట్లో కింద కూర్చుని భోంచేస్తున్నాడు. పక్కన గిన్నె. మొన్న పొద్దున ఆసుపత్రికి పోయే తొందరలో తను వండి, మూత పెట్టి, పూర్తిగా మరిచిపోయిన బంగాళాదుంప కూర. మూత పక్కన పడి ఉంది. కంపు అక్కణ్నుంచే వస్తోంది.

"వచ్చావా తల్లీ? కూర బాగుంది," అన్నాడు తండ్రి, ముద్ద కలుపుకుంటూ. "కాస్త పులుపెక్కువైంది. టమాటా ఎక్కువేశావా?"

ఆమె అందులో టమాటా వేయలేదు.

గుమ్మంలోనే నిలబడిపోయింది. ముద్ద నోటి దాకా వెళ్లడం చూసింది, ఆయన నమలడం చూసింది, మింగడం చూసింది. ఆ తరవాత చూసింది వంటింట్లో జరుగుతున్నది కాదు. పోయిన నెల పాలు పొంగి, మాడి, ఇల్లంతా పొగ వాసన నిండినా పక్కనే కూర్చుని రేడియోకు బ్యాటరీలు మారుస్తున్న తండ్రిని చూసింది. మురుగుకాలువ పొంగిన రోజు వీధంతా ముక్కు మూసుకుంటే తీరుబడిగా వాకిట్లో నిలబడ్డ తండ్రిని చూసింది. విప్పిన చేతుల పక్కన అరటిపండు తింటున్న తండ్రిని చూసింది. ఆమె దేవుడనుకున్నది దేన్నో అప్పుడర్థమైంది.

వెళ్లి ఆయన ముందు నుంచి కంచం లాగేసుకుంది.

"కూర కుళ్లిపోయింది నాన్నా."

తండ్రి కంచం వంక చూశాడు, గిన్నె వంక చూశాడు. రెండ్రోజుల్నించీ జలుబుగా ఉందన్నాడు. ముక్కు దిబ్బడేసిందన్నాడు. ఒకసారి ఎగబీల్చి కూడా చూపించాడు, పాపం. ఆయనకు అబద్ధమాడటం ఏనాడూ చేతకాదు. ఆమె కంచం వెనక్కి ఇవ్వకపోయేసరికి ఎగబీల్చడం ఆపేసి, కుడిచెయ్యి ఎండిపోతున్నా కడుక్కోకుండా అలాగే కూర్చున్నాడు.

"నీకు వాసన తెలీదు," అంది ఆమె. "కదూ?"

అవునన్నట్టు తల ఊపాడు.

ఒకసారి మొదలెట్టాక మాత్రం ఆగలేదు. అంతా చెప్పాడు. ముందటేడు మంచం పట్టించిన జ్వరం పోతూ పోతూ వాసన పట్టుకుపోయిందట. నాలుగు రోజుల్లో తిరిగొస్తుందిలే అనుకున్నాడట. వాన పడ్డప్పుడు మట్టి వాసన రాలేదు. కొత్త సబ్బు విప్పితే రాలేదు. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ట్రంకుపెట్టె తీసి, పోయిన భార్య శాలువాలో మొహం పెట్టి చూశాడట. అప్పటిదాకా ఆ శాలువాలో ఆమె ఉండేది. ఆ రోజు బట్ట తప్ప ఏమీ లేదు. కూతురికి జాలేసింది. కోపంగా ఉన్నప్పుడు జాలి కలిగితే మనిషికి ఇంకా ఒళ్లు మండుతుంది, ఆమెకూ మండింది.

ఎందుకంటే అది ఏ గుమాస్తా ముక్కో, కుట్టుపనివాడి ముక్కో కాదు. ఆ గ్యాసుకు సొంతంగా వాసనే ఉండదు. లీకైతే మనిషికి తెలియాలని, పారిపోయే వ్యవధి ఉండాలని, నింపేవాళ్లు పనిగట్టుకుని అందులో కంపు కలుపుతారు. ఈ సంగతి ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. మిగతా పిల్లలకు తండ్రులు రాజుల కథలు చెప్పి నిద్రపుచ్చితే, ఈయన సిలిండర్ మార్చే కథ చెప్పేవాడు. ముందు వాల్వు కట్టెయ్యాలి తల్లీ, కానీ బండి ఆపకూడదు. పైపులో మిగిలిన గ్యాసు తాగి తాగి అదే ఆరిపోవాలి. అప్పుడు తాళం తిప్పాలి. అప్పుడు గ్లౌజులు, లేకపోతే పైపులోంచి చిమ్మే గ్యాసు చలికి వేళ్లు కాలిపోతాయి. చలికి కాలడమేంటి నాన్నా అని నవ్వేది. ఇప్పుడు డ్రైవరు వేళ్లు సగం చలికి, సగం మంటకి కాలాయి. ఆమెకిక నవ్వు రాదు.

"మరి ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చావు?" అని అడిగింది.

మొదట్లో సబ్బునీళ్లే అన్నాడు. ప్రతి అతుకు మీదా పోసి, బుడగలొస్తాయేమోనని కళ్లు చికిలించి చూసేవాడట. బుడగ రాకపోతేనే బండిని పంపేవాడట. లారీలు బారులు తీరుతుంటే మేనేజరు గొణిగేవాడు, ఏంటి పెద్దాయనా బండికి తలంటు పోస్తున్నావా అని. పైగా పైపు మూతిలో వేసే రబ్బరు వాషర్లు ఎండి బీటలు వారాయి. కొత్తవి కావాలంటే వస్తాయి వస్తాయి అంటాడు, రావు. పాతవే తిరగేసి వేసుకోవడం. అలాంటి ఒకరోజు సిలిండర్ లీకై కంపు కొడుతుంటే, పక్కనే నిలబడి ఫ్లాస్కులో టీ వంచుకుంటున్న మామగారిని అల్లుడు చూశాడు. పరుగున వచ్చి వాల్వు కట్టేశాడు. విషయం పట్టేశాడు.

"వాడు ఎవరికీ చెప్పలేదమ్మా," అన్నాడు తండ్రి. "వాడి ముక్కు నాకిచ్చాడు."

ఏర్పాటు చిన్నదే. మామ సిలిండర్ మార్చి, వాల్వు మెల్లగా తిప్పుతాడు. అల్లుడు ఏదో పనున్నట్టు దగ్గర్లో నిలబడతాడు. వాసన తగిలితే దగ్గుతాడు. దగ్గితే మామ వాల్వు కట్టేసి, వాషరు మార్చి, మళ్లీ బిగిస్తాడు. దగ్గకపోతే అంతా బాగున్నట్టు, ఇక సబ్బునీళ్లతో పని లేదు. గోడౌన్లో ఎవరికీ అనుమానం రాలేదు. డ్రైవరుకు పొడిదగ్గు పట్టుకుందని జనం అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది. రోజూ రాత్రి మిరియాలు దంచి, పాలలో కాచి తాగించింది. ఆ వెర్రిమనిషి కిక్కురుమనకుండా తాగాడు. అది గుర్తొచ్చేసరికి ఆమెకు ఏడుపాగలేదు.

కానీ ఎన్నాళ్లని? నువ్విక ఈ పని మానెయ్ మామయ్యా, మేనేజరుకు చెప్పేద్దాం, వేరే పని ఇస్తే ఇస్తాడు అని డ్రైవరు పోరుతూ వచ్చాడు. ఇస్తాడో, ఇంటికి పొమ్మంటాడో అని ఈయన భయం. క్వార్టరు పోతే ముగ్గురం ఎక్కడ తలదాచుకుంటాం, ఈ ఏడు గడవనీ అని ఈయన వాయిదా. ఆ రోజు పొద్దున మాటా మాటా పెరిగింది. ఇవాళ్టి నుంచి నా ముక్కు నీకు లేదు, నా మొహం చూడకు అనేశాడు అల్లుడు. అలాగంటే ముసలాడు దారికొచ్చి ఆ పూటే మేనేజరు దగ్గరికి పోతాడని అతని ఆశ. ముసలాడేమో వీడి కోపం ఎంతసేపులే అనుకున్నాడు.

"వాడి బండికే మార్చాను," అన్నాడు తండ్రి. "సీట్లో అటు తిరిగి కూర్చున్నాడు. నేను వాల్వు తిప్పి వాడి వీపు వంక చూశాను. వాడు దగ్గలేదు."

"దగ్గనని చెప్పాడుగా నాన్నా."

"నిజంగా లీకైతే దగ్గకుండా ఉంటాడా అనుకున్నాను."

ఆ రోజు గాలి ఎదురుగా వీస్తోంది. సీట్లో ముందుకు తిరిగి కూర్చున్నవాడికి వెనక సిలిండర్ వాసన తగల్లేదు. ర్యాంపు దగ్గర నిలిచి ఉన్న లారీ పోవాలని బండి ఆపాక తగిలింది. ఇంజను కట్టేసి, దూకి, వట్టి చేతులతో వాల్వు కట్టబోయాడు. గ్యాసు చేతుల మీద చిమ్మింది. అప్పటికే కిందికి జారి గోతిలో చేరినది, ఆ లారీ స్టార్టు కాగానే అంటుకుంది.

ఆమె గోడకు చేరగిలబడి కూర్చుంది. తండ్రి మీద పడి రక్కాలన్నంత కోపం, ఆ ఎండిన చెయ్యి తనే కడగాలన్నంత జాలి, రెండూ ఒక్కసారే వచ్చాయి. ఏదీ చేయలేదు.

"నువ్వు ముక్కు దాచుకున్నందుకు ఆయన చేతులు పోయాయి," అంది. "పైగా తప్పు తనదేనని ఆయన చెబుతుంటే విని ఊరుకున్నావు."

"ఊరుకున్నాను," అన్నాడు తండ్రి. తల ఎత్తలేదు. "వాడే ఊరుకోమన్నాడు."

ఇంతటితో అయిపోతే బాగుండేది. కాలేదు. ఎల్లుండి పెద్ద ఆఫీసు నుంచి తనిఖీ ఆఫీసరు వస్తున్నాడట. ఇక్కడ సిలిండర్ ఎలా మారుస్తారో ఆయన ముందు చేసి చూపించాలట. అంతా పద్ధతిగానే ఉందని ఆయన ఒప్పుకుంటే తప్పు డ్రైవరుదేనని తేలిపోతుంది, ఫైలు మూసేస్తారు. మేనేజరు ఇవాళే ఊడ్చే పని ఒకటి ఖాళీగా ఉంది, మీ అమ్మాయిని పంపు పెద్దాయనా అన్నాడట. ఆయన ఎందుకన్నాడో ఈయనకు తెలీదు. మనకు తెలుసు, ఉద్యోగం పుచ్చుకున్న నోరు లేవదని.

"నువ్వు రా తల్లీ," అన్నాడు తండ్రి. "చీపురు పట్టుకుని గాలివాటున నిలబడు. వాసనొస్తే దగ్గు. లేకపోతే ఊరుకో. అంతే."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. అడుగుతున్నదేమిటో ఆయనకు నిజంగా తెలియడం లేదు. అల్లుడి ముక్కు ఆసుపత్రి పాలైంది కనుక కూతురి ముక్కు అరువడుగుతున్నాడు, ఉప్పు నిండుకుంటే పక్కింట్లో అడిగినట్టు.

మర్నాడు ఆసుపత్రిలో డ్రైవరుకు గంజి తాగిస్తూ తనకంతా తెలిసిందని చెప్పింది. అతను కళ్లు మూసుకున్నాడు. కుడిచేతి వేళ్లు మూడు తీసెయ్యాలని పొద్దున డాక్టరు చెప్పి వెళ్లాడు, అది కూడా అప్పుడే చెప్పాడు, ఎవరి వేళ్లనో తీస్తున్నట్టు.

"నేను దగ్గి ఉంటే అయిపోయేది," అన్నాడు. "పంతానికి పోయి అటు తిరిగి కూర్చున్నాను. ఆ తప్పు నాదే కదా."

"వాషర్లు కొననివాడిది కాదా? దాచినవాడిది కాదా?"

"చెబితే ఇల్లు పోతుంది. నాకెలాగూ చేతుల్లేవు. ఆయనకి పనీ లేకపోతే నువ్వొక్కదానివి ఎంతని లాగుతావు?" గంజి చాలన్నట్టు తల తిప్పుకున్నాడు. "ఊరుకో."

ఒకడు దగ్గమంటాడు, ఒకడు ఊరుకోమంటాడు. తన గొంతు తన చేతిలో లేకుండా పోయింది. దారి పొడుగునా ఇద్దర్నీ తిట్టుకుంటూ ఇంటికొచ్చింది. ఏం చేయాలో తేల్చుకోకుండానే ఆ మర్నాడు పొద్దున్న చీపురు పట్టుకుని గోడౌన్ గేటు దాటింది.

సిలిండర్లుండే పంజరం గోడౌన్‌కు బయట, ఆకాశం కింద, ఇనప జాలీ లోపల ఉంటుంది. నిండినవి ఒక పక్క, ఖాళీవి ఒక పక్క, అన్నీ నిటారుగా. పొగ తాగరాదన్న బోర్డు ఎండకు వెలిసిపోతే నిన్ననే రంగు వేయించారు. నేల కడిగించారు. ర్యాంపు గోడ మీది మసికి సున్నం కొట్టించారు. సున్నం కింద నల్లమచ్చ చెమ్మలాగా ఇంకా కనిపిస్తోంది.

తనిఖీ ఆఫీసరు బక్కపల్చటి మనిషి, తెల్ల హెల్మెట్టు ఆయన తలకి వదులు. ఎక్కువ మాట్లాడడు. మేనేజరు ఇద్దరి మాటలూ తనే మాట్లాడుతున్నాడు. మా దగ్గర ప్రతిదీ పద్ధతి ప్రకారమే సార్, ఆ డ్రైవరు ఒక్కడే దూకుడు మనిషి సార్ అంటున్నాడు. చీపురు పట్టుకుని నాలుగు బారల దూరంలో నిలబడ్డది ఆ డ్రైవరు పెళ్లామేనని మేనేజరుకు తెలుసు. తెలిసే అన్నాడు. ఆమె నేల ఊడుస్తూనే ఉంది. డ్రైవర్లంతా ఆమె వెనకాల పసుపు గీత అవతల గుమిగూడారు. తొందర అని అందరూ పిలిచే బక్క డ్రైవరు బండిని తెచ్చి పంజరం ముందు నిలబెట్టాడు.

గ్యాసు తాత మొదలుపెట్టాడు. ఎంత చక్కగా చేశాడని! వాల్వు కట్టి బండిని నడవనిచ్చాడు. ఇంజను దగ్గి దగ్గి, ఊపిరందక దానంతటదే ఆరిపోయింది. తాళం తిప్పమన్నాడు. తొందర తాళం తిప్పి, చెవి దానిలోనే వదిలి దిగి వచ్చాడు. తాత గాగుల్స్ దించుకున్నాడు, గ్లౌజులు మోచేతుల దాకా లాక్కున్నాడు, పైపు విప్పాడు, బెల్టు వదులు చేసి ఖాళీ సిలిండర్ దించాడు. నిండినదాన్ని ఎత్తి పడుకోబెట్టి, బండి మీది మేకు సిలిండర్ చట్రంలోని రంధ్రంలోకి దిగేదాకా అటూ ఇటూ తిప్పి సరిచూశాడు. బెల్టు బిగించాడు. పైపు మూతిని స్పానరు తగలనీయకుండా చేత్తోనే బిగించాడు. చిన్నప్పటి కథ అంతా అక్షరం పొల్లుపోకుండా ఆమె కళ్ల ముందు జరిగింది. ఆ చేతుల్ని చూస్తే ఇప్పటికీ ఆమెకు గర్వంగానే ఉంది, అదే కష్టం.

ఈలోగా ఆమె ఊడుస్తూ ఊడుస్తూ బండి చుట్టూ ఒకసారి తిరిగి, తొందర వదిలేసిన తాళంచెవిని లాగి గుప్పిట్లో పెట్టుకుంది. ఆరిన బండికి చెవి ఉంచకూడదని ఆమెకు నేర్పింది తండ్రే.

తాత వాల్వును మెల్లగా, కొద్దికొద్దిగా తిప్పాడు.

గోడౌన్ గోడకున్న పెద్ద ఫ్యాన్ల రొదలో బుస్సుమన్న చప్పుడు ఎవరికీ వినపడదు. గాలి మాత్రం ఆమె వైపే వీస్తోంది. మొదట కొంచెం. తరవాత ఇంకొంచెం. ఆ తరవాత కుళ్లిన కోడిగుడ్ల కంపు ముక్కుపుటాల్ని పట్టేసింది. అదే తిరగేసిన పాత వాషరు.

తాత బండి వెనక వంగి, మోచేతి సందులోంచి కూతురి వంక చూశాడు. గాగుల్స్ ఆవిరి పట్టి ఉన్నాయి. ఆయనకు ఆమె తప్ప వెనకనున్నవాళ్లెవరూ ఆనడం లేదు.

గొంతులో దురద పుట్టింది. నిజమైన దగ్గే వస్తోంది, ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్కసారి దగ్గితే చాలు. నాన్న వాల్వు కట్టేస్తాడు, వాషరు మారుస్తాడు, ఆఫీసరు మెచ్చుకుంటాడు. ఇల్లు ఉంటుంది. రేపు దగ్గాలి, ఎల్లుండి దగ్గాలి, ఏదో ఒకరోజు జ్వరమొచ్చి తను రాలేకపోయేదాకా దగ్గుతూనే ఉండాలి. ఆ రోజు సీట్లో తొందర ఉంటాడో, మరింకెవరుంటారో. వాళ్ల పెళ్లాం గంజి తాగిస్తుంది.

చీపురు కర్రను రెండు చేతులా పట్టుకుని, దగ్గును మింగేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెనకాల డ్రైవర్లలో కదలిక మొదలైంది. ఎవరో చొక్కా ఎత్తి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. తొందర రెండడుగులు వెనక్కేశాడు. మేనేజరు జేబురుమాలు తీసి నోరు తెరవబోయాడు. ఆఫీసరు అరచెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఆయన గ్యాసు తాతనే చూస్తున్నాడు.

"పెద్దాయనా," అన్నాడు. "సబ్బునీళ్లు తరవాత పోద్దురు గాని. ముందు ముక్కుతో చూస్తారు కదా. ఏమైనా వాసన వస్తోందా?"

తాత అతుకు దగ్గరకంటా వంగి, అందరికీ వినపడేలా గట్టిగా పీల్చాడు. మళ్లీ ఒకసారి కూతురి వంక చూశాడు. ఆమె దగ్గలేదు. ఆయన నడుం నిటారు చేసి, పని బాగా కుదిరినప్పుడు నవ్వే నవ్వు నవ్వాడు.

"ఏమీ లేదు సార్. శుభ్రంగా ఉంది. బండి తీయమనండి."

ఎవరూ కదల్లేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆ నవ్వు ఇంకా ఆయన మొహం మీదే ఉంది, దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు. గాగుల్స్ నుదుటి మీదికి తోసుకుని అటు తిరిగాడు. ముక్కులు మూసుకున్న జనం కనపడ్డారు. ఒకరి తరవాత ఒకర్ని, అందర్నీ చూశాడు. చివరికి కూతురి దగ్గర ఆగాడు.

ఆమెకు అప్పుడొచ్చింది దగ్గు. ఇక ఆపుకోలేకపోయింది.

"వాల్వు కట్టెయ్ నాన్నా," అంది దగ్గుల మధ్య.

ఆయన చెయ్యి అలవాటుగా వెళ్లి వాల్వు కట్టేసింది. ఆఫీసరు దగ్గరగా వచ్చి, ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడిగాడు, గొంతు పెంచకుండానే. ఆ రోజు ప్రమాదం జరిగిన బండికి సిలిండర్ పెట్టిందెవరని కూడా అడిగాడు. మేనేజరు మధ్యలో దూరి, సార్ అది డ్రైవరే, రాసి కూడా ఇచ్చాడు అన్నాడు. ఆఫీసరు అతని వైపు చూడనే లేదు.

గ్యాసు తాత గ్లౌజులు ఒకటొకటిగా విప్పి బండి మీద పెట్టాడు. ఆయన చూపు కూతురి గుప్పిట మీద పడింది. వేళ్ల సందున తాళంచెవి, బండి ఎవరూ కదపకుండా ముందే తీసినది, మెరుస్తోంది. ఆయనకు అర్థమైంది. మరిచిపోయి ఊరుకోవడం కాదు, కావాలని ఊరుకుంది.

"నన్నెందుకు సార్ అడగడం?" అన్నాడు ఆమె మీంచి చూపు తిప్పకుండా. "మా అమ్మాయిని అడగండి. దానికి ముక్కుంది. నోరూ ఉంది."